ఇంగ్లండ్‌లో కౌన్సిల్ సంరక్షణలోని పిల్లలు ఎక్కడ ఉంటారు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పిల్లల విభాగంలో సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్న నన్ను తెలుగు కుటుంబాలు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "కౌన్సిల్ వాళ్లు (అంటే పిల్లల రక్షణ బాధ్యత ఉన్న స్థానిక ప్రభుత్వ సంస్థవాళ్లు) పిల్లల్ని తీసుకెళ్లి ఎక్కడ పెడతారండీ?" అడిగేవారిలో చాలామంది మనసులో జవాబు అప్పటికే స్థిరపడి ఉంటుంది. ఎవరో పంపిన వాట్సాప్ సందేశమో, 2012లో నార్వేలో తెలుగు దంపతులకు జైలు శిక్ష పడిన నాటి వార్తల జ్ఞాపకమో దానికి మూలం. అది వేరే దేశంలో, వేరే చట్టం కింద నడిచిన క్రిమినల్ కేసు. బిడ్డ దూరమవుతుందేమోనని నిద్రపట్టని తల్లి భయం నాకు అర్థమవుతుంది. ఆ భయానికి లేనిపోని కథలు జోడించి పది గ్రూపులకు పంపేవారి తీరును మాత్రం నేను సహించలేను.

అపోహ: పిల్లలను అనాథాశ్రమంలో వేస్తారు.

2024 మార్చి 31 నాటికి ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ల సంరక్షణలో 83,630 మంది పిల్లలున్నారు. వారిలో మూడింట రెండు వంతుల మంది ఫోస్టర్ కేరర్ల (ఆమోదం పొంది, ఇలాంటి పిల్లలను తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునేవారి) ఇళ్లలో, అంటే కుటుంబాల మధ్యే ఉన్నారు. మిగిలినవారిలో కొందరు చిల్డ్రన్స్ హోమ్‌లలో, కొందరు 16, 17 ఏళ్లవారికి ఉద్దేశించిన సపోర్టెడ్ అకామడేషన్‌లో (కొంత సాయంతో సొంతంగా ఉండే వసతిలో) ఉంటారు. కేర్ ఆర్డర్ (బిడ్డను కౌన్సిల్ సంరక్షణలో ఉంచుతూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు) ఉన్నప్పటికీ సొంత తల్లిదండ్రుల దగ్గరే ఉండే పిల్లలు కూడా ఉన్నారు. ఇక్కడి చిల్డ్రన్స్ హోమ్‌లు చాలావరకు కొద్దిమంది పిల్లలు మాత్రమే ఉండే మామూలు ఇళ్లు. మనవాళ్లు ఊహించుకునే వరుస మంచాల పెద్ద హాలు వాటిలో కనిపించదు.

అపోహ: కౌన్సిల్ చేతిలో పడ్డాక బంధువులకు సంబంధం ఉండదు, పేర్లు చెబితే వాళ్లూ ఇరుక్కుంటారు.

మన కుటుంబాలు అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయేది ఈ అపోహ వల్లనే కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను.

1989 నాటి చిల్డ్రన్ యాక్ట్‌లోని సెక్షన్ 22సి ప్రకారం, సంరక్షణలోకి వచ్చిన బిడ్డను తల్లిదండ్రుల దగ్గరే ఉంచడానికి వీలుంటుందా అని కౌన్సిల్ మొదట చూడాలి. అది కుదరనప్పుడు, ఫోస్టర్ కేరర్‌గా ఆమోదం పొందిన బంధువుకు, స్నేహితుడికి, లేదా బిడ్డతో అనుబంధం ఉన్న మరొకరికి ఇతర ఏర్పాట్లకంటే ప్రాధాన్యం ఇవ్వాలి. పూర్తి ఆమోదానికి నెలలు పడుతుంది కనుక, అత్యవసర సమయంలో ప్రాథమిక పరిశీలన చేసి, ఆ వ్యక్తిని 16 వారాల వరకు తాత్కాలికంగా ఆమోదించి బిడ్డను అప్పగించవచ్చు. అవసరమైతే ఆ గడువును మరో ఎనిమిది వారాలు పొడిగించే వీలుంది. అంటే మేనమామ ఇల్లు సురక్షితమని తేలితే, పిల్లవాడు ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఒక్క రాత్రి కూడా గడపనవసరం లేకపోవచ్చు.

అయితే ఆ మేనమామ ఉన్నాడని మాకు ఎవరో ఒకరు చెప్పాలి. మన కుటుంబాల్లో చాలాసార్లు అదే జరగదు. చెల్లెలి అత్తవారికి తెలిస్తే పరువు పోతుందని ఒకరు, తమ్ముడి వీసాకు ఇబ్బంది వస్తుందని ఒకరు, రెండు వారాల్లో అంతా సర్దుకుంటుందిలే అని మరొకరు నోరు మెదపరు. బిడ్డను పెంచడానికి ముందుకు వచ్చినంత మాత్రాన ఎవరి వీసా రద్దు కాదు. నేర చరిత్ర, ఆరోగ్యం, ఇంటి పరిస్థితి, దేశంలో ఎంతకాలం ఉండే వీలుంది, అన్నిటికీ మించి బిడ్డను ప్రమాదం నుంచి కాపాడగలరా అన్నవే పరిశీలిస్తారు. పెద్ద ఇల్లు, పెద్ద జీతం అర్హతలు కావు. ఫోస్టర్ కేరర్‌గా ఆమోదం పొందిన బంధువుకు అలవెన్సు కూడా ఇస్తారు.

ఇంతకీ మౌనం ఎందుకంత ఖరీదైనదంటే, కోర్టుకు గడువుంది. కేర్ కేసులను (బిడ్డ ఎవరి సంరక్షణలో ఉండాలో తేల్చే కేసులను) సాధారణంగా 26 వారాల్లో ముగించాలని 2014 చట్టం చెబుతోంది. చివరి వారాల్లో ఒక పిన్నో బాబాయో ముందుకు వస్తే, వారు ఎంత మంచివారైనా, వారి గురించి పూర్తి నివేదిక తయారుచేయడానికి సమయం మిగలదు. బిడ్డ ఇంకా ఎన్నాళ్లు ఎదురుచూడాలని న్యాయమూర్తి అడిగినప్పుడు మా దగ్గర గట్టి సమాధానం ఉండదు.

కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చి ఒక ఉదాహరణ చెబుతాను. తల్లి తీవ్రమైన మానసిక అనారోగ్యంతో ఆసుపత్రిలో ఉండగా ఆరేళ్ల బాబును ఫోస్టర్ కేరర్ ఇంట్లో ఉంచాల్సి వచ్చింది. మీవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఎప్పుడు అడిగినా ఆమె చెప్పిన మాట ఒక్కటే: "ఈ దేశంలో మాకెవరూ లేరు." ఫోస్టర్ కేరర్ చాలా మంచి మనిషి; బాబు కోసం పప్పు వండటం నేర్చుకున్నారు. అయినా నెలలు గడిచేకొద్దీ, తల్లిని కలవడానికి వెళ్లినప్పుడు ఆమె తెలుగులో అడిగితే వాడు ఇంగ్లిషులో జవాబివ్వడం మొదలుపెట్టాడు. కేసు ముగింపుకు వచ్చాక తెలిసిందేమిటంటే, రైల్లో గంట దూరంలో ఆమె సొంత చెల్లెలు ఉంటోంది. కోర్టు గడువు పొడిగించింది కనుక సరిపోయింది. ఇప్పుడు బాబు స్పెషల్ గార్డియన్‌షిప్ ఆర్డర్ (బిడ్డను పెంచే బాధ్యతను బంధువు వంటివారికి అప్పగించే కోర్టు ఉత్తర్వు) కింద పిన్ని దగ్గర పెరుగుతున్నాడు. కాకపోతే దానికోసం మళ్లీ ఇల్లు మారి, బడి మారి, స్నేహితులను వదులుకోవాల్సి వచ్చింది. "మొదటి రోజే చెప్పుంటే ఆ రాత్రికే వచ్చేదాన్ని కదండీ" అని ఆ పిన్ని నా ఎదుట కన్నీళ్లు పెట్టుకుంది. అక్క మీద ఆమెకు కోపం లేదు, నాకూ లేదు. అంత అనారోగ్యంలోనూ చెల్లెలి కాపురం చెడకూడదనే ఆ తల్లి ఆలోచించింది.

భారతదేశంలో ఉన్న అమ్మమ్మ, తాతయ్యల పేర్లు చెప్పినా లాభం లేదనుకోవడం కూడా పొరపాటే. విజిటర్ వీసా మీద వచ్చి ఇక్కడ దీర్ఘకాలం పెంచడం సాధ్యం కాకపోవచ్చు కానీ, అక్కడి ఇంటిని పరిశీలింపజేసి, కోర్టు అనుమతితో బిడ్డను వారి దగ్గరకు పంపే మార్గం ఉంది. దీనికి మరింత సమయం పడుతుంది కాబట్టి వారి పేర్లు ఇంకా ముందే చెప్పాలి.

అపోహ: సెక్షన్ 20 కాగితం మీద సంతకం పెడితే బిడ్డను వదులుకున్నట్టే.

అదే 1989 చట్టంలోని సెక్షన్ 20 అనేది తల్లిదండ్రుల అంగీకారంతో జరిగే ఏర్పాటు. దానివల్ల కౌన్సిల్‌కు బిడ్డపై తల్లిదండ్రుల హక్కులు రావు, సాధారణంగా మీరు ఎప్పుడైనా బిడ్డను వెనక్కి తీసుకెళ్లవచ్చు. బిడ్డకు ప్రమాదమని భావిస్తే కౌన్సిల్ అప్పుడు కోర్టుకు వెళ్లవచ్చన్నది కూడా నిజం. మీ అంగీకారమో కోర్టు ఉత్తర్వో లేకుండా సోషల్ వర్కర్ బిడ్డను తీసుకెళ్లలేరు. పోలీసులకు మాత్రం ప్రమాద సమయంలో 72 గంటల వరకు ఆ అధికారం ఉంది. సంతకం పెట్టే ముందు సొలిసిటర్‌తో (న్యాయవాదితో) మాట్లాడతానని అడగడం మీ హక్కు. అడిగితే ఎవరూ దాన్ని తప్పుగా రాసుకోరు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. మతం మార్చేస్తారన్నది అబద్ధం: కేర్ ఆర్డర్ ఉన్నా బిడ్డను వేరే మతంలో పెంచకూడదని సెక్షన్ 33 స్పష్టంగా నిషేధించింది, భాషను, సంస్కృతిని పరిగణనలోకి తీసుకోవాలని కూడా చట్టం చెబుతోంది. తెలుగు మాట్లాడే ఫోస్టర్ కేరర్లు అరుదు కనుక, ఏం తింటాడు, ఏ పాట పాడితే నిద్రపోతాడు వంటివి మీరే రాసి ఇవ్వండి. తోబుట్టువులను కావాలని విడదీస్తారన్నది కూడా నిజం కాదు. వీలైనంతవరకు కలిపి ఉంచాలన్నదే చట్టం. అయితే ముగ్గురు నలుగురిని ఒకేచోట ఉంచగల ఇళ్లు చాలక విడిపోయేవారు ఉన్నారు. ఆ కారణంగానే కొందరు పిల్లలు సొంత ఊరికి చాలా దూరంగా ఉండాల్సి వస్తోంది. మా వృత్తిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం అదే.

కోర్టుకు వెళ్లబోతున్నామని కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తే, దాన్ని తీసుకుని ఆ వారంలోనే సొలిసిటర్‌ను కలవండి. కేర్ కేసులో తల్లిదండ్రులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సహాయం) లభిస్తుంది. ఫ్యామిలీ రైట్స్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ కుటుంబాలకు ఉచితంగా సలహా ఇస్తుంది. బంధువులు, స్నేహితుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఊళ్లు కాగితం మీద రాసి ఒక ప్రతిని సోషల్ వర్కర్‌కు, ఒక ప్రతిని సొలిసిటర్‌కు ఇవ్వండి. బిడ్డను శాశ్వతంగా పెంచడానికి సిద్ధంగా ఉన్నవారి పేర్లతోపాటు, వారాంతాల్లో చూసుకోగలవారివి, బడి నుంచి తీసుకురాగలవారివి కూడా రాయండి. అటువంటి సాయం ఉందని తేలితే బిడ్డ మీ దగ్గరే ఉండే అవకాశం పెరుగుతుంది.