రాయి పగిలిన చప్పుడు, వాయువు ఊగిన చప్పుడు

పాలమూరు నుంచి నల్లగొండ దాకా ఎటు పోయినా గ్రానైట్ గుట్టల నడుమ నల్లరాళ్లు వరుస కట్టి కనిపిస్తాయి. బూడిద, గులాబీ రంగు బండల్ని కోసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ తిన్నగా సాగే ఈ వరుసల్ని భూగర్భ శాస్త్రంలో డైకులంటారు. అగ్నిపర్వతాల దగ్గర నేల ఎందుకెందుకు అదురుతుందో ఈ రాళ్లతోనే మొదలుపెట్టి చెబుతాను. నల్ల గ్రానైట్ పేరుతో క్వారీల నుంచి లారీలకెక్కే రాయి చాలామటుకు ఇదే; శాస్త్రవేత్తలు దీన్ని డోలరైట్ అంటారు. బోర్లు వేయించే రైతులకూ వీటితో పని పడుతుంది. చాలాచోట్ల ఇవి భూగర్భ జలానికి అడ్డుపడతాయి. అందుకే డైకుకు ఒక పక్క బోరు పోస్తుంటే, రెండో పక్క దుమ్ము లేచే చోట్లున్నాయి.

మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఉన్న ఒక పెద్ద డైకుల సమూహం వయసు దాదాపు 218 కోట్ల సంవత్సరాలు. అప్పుడది మాగ్మా, అంటే లోతుల నుంచి ఎగదన్నుకొచ్చిన కరిగిన రాయి. తనకంటే పాతదైన గ్రానైట్‌ను చీల్చుకుని కొంత దూరం పోయి, అక్కడే చల్లారి గట్టిపడింది. పైన కప్పి ఉన్న మందమంతా కోట్ల ఏళ్ల వానలకూ గాలులకూ అరిగిపోయాక ఆ దారులు మన కంటబడ్డాయి. 

డైకు చీల్చుకుపోతున్నప్పుడు నేల ఎలా అదురుతుందో ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ కొలుస్తున్నారు. 2014 ఆగస్టులో బార్దార్‌బుంగా అగ్నిపర్వతం నుంచి ఒక డైకు రెండు వారాల్లో నేల కింద 45 కిలోమీటర్లకు పైగా పోయి హోలుహ్రౌన్ దగ్గర లావాగా బయటపడింది. 2023 నవంబరు 10న సుమారు 15 కిలోమీటర్ల డైకు కొన్ని గంటల్లోనే గ్రిండావిక్ పట్టణం కిందికి చొచ్చుకొచ్చింది. ఆ రాత్రే ఊరు ఖాళీ చేయించారు. రెండుసార్లూ వేల సంఖ్యలో చిన్న భూకంపాలు నమోదయ్యాయి.

వీటిని పటంలో గుర్తించి చూస్తే, బార్దార్‌బుంగాలో చాలావరకు కంపనాలు డైకు కొన దగ్గరే పుట్టాయి. కొన ముందుకు జరిగిన కొద్దీ అవీ జరిగాయి. వెనక తెరుచుకున్న దారిలో మాగ్మా పారుతూనే ఉన్నా అక్కడ దాదాపు నిశ్శబ్దం. నా దృష్టిలో అగ్నిపర్వత భూకంపాల గురించి ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. నేల అదురును గీతగా గీసే సీస్మోగ్రాఫ్ పరికరం పట్టుకున్న కుదుపుల లెక్క రాయి ఎంత ఎదిరించిందో చెబుతుంది. మాగ్మా ఎంత పారిందో దాన్నిబట్టి చెప్పలేం.

ఇలా రాయి పగలడం వల్ల వచ్చే సంకేతం మామూలు భూకంపం లాగే ఉంటుంది. 2020 జనవరి 26న అర్ధరాత్రి దాటాక సూర్యాపేట జిల్లా చింతలపాలెం ప్రాంతం అదిరినప్పుడు, తీవ్రత 4 దాటింది. జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. దానికీ అగ్నిపర్వతానికీ ఏ సంబంధమూ లేదు. కానీ రెండింటి గీతలూ ఒకే తీరున మొదలవుతాయి: ముందు వేగంగా వచ్చే పి తరంగం ఒక్కసారిగా తాకుతుంది, తర్వాత దానికంటే నిదానంగా వచ్చే ఎస్ తరంగం, ఆపైన అదురు త్వరగా సద్దుమణుగుతుంది.

అగ్నిపర్వతాల దగ్గర మాత్రమే తరచుగా కనిపించే ఇంకో రకం గీత ఉంది. అది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేం. ఎస్ తరంగం స్పష్టంగా ఉండదు. సెకనుకు ఒకటి నుంచి ఐదుసార్ల దాకా నిదానంగా ఊగుతూ చాలాసేపు సాగుతుంది. వీటిని లాంగ్ పీరియడ్ సంకేతాలంటారు. అమెరికా భూగర్భ సర్వేలో పనిచేసిన బెర్నార్డ్ షూయే 1980లలో వీటికి గట్టి వివరణ ఇచ్చాడు. వాయువుతోనో బుడగలు నిండిన ద్రవంతోనో ఉన్న పగులులో పీడనం హఠాత్తుగా మారితే, పగులు గోడలూ లోపలి ద్రవమూ కలిసి ఊగుతాయి. మనకు చేరేది ఆ ఊగిసలాట.

అంత నిదానంగా ఎందుకు ఊగుతుంది? జవాబు బుడగల్లో ఉంది, నాకు ఈ విషయంలో అన్నిటికంటే అందంగా తోచేదీ అదే. ధ్వని నీటిలో సెకనుకు 1500 మీటర్ల దాకా పోతుంది, గాలిలో 340. రెండూ కలిపితే వేగం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుందనిపిస్తుంది. కానీ మామూలు వాతావరణ పీడనంలో, నీటిలో ఒక్క శాతం గాలి బుడగలుగా చేరితే చాలు, వేగం 100 మీటర్ల దగ్గరికి పడిపోతుంది. బుడగలు ఇట్టే నలుగుతాయి, చుట్టూ ఉన్న నీటి బరువు మాత్రం తగ్గదు. నలిగే గుణం గాలిది, బరువు నీటిది కావడంతో తరంగం మందగిస్తుంది. అందుకే పెద్దగా లేని పగులు కూడా బుడగలు నిండితే చాలా తక్కువ స్థాయిలో మోగుతుంది.

కొలంబియాలోని గలేరాస్ అగ్నిపర్వతం దగ్గర ఇలాంటి గీతలు స్క్రూ ఆకారంలో వచ్చేవి: మొదట లావుగా, పోనుపోను సన్నబడుతూ. 1992 జులై పేలుడుకు ముందు అవి కొద్దిగానే వచ్చాయి. 1993 జనవరిలోనూ అంతే, మిగతా కంపనాలు తగ్గి కొండ నెమ్మదించినట్టు కనిపించింది. జనవరి 14న బిలంలోకి దిగిన శాస్త్రవేత్తల్లో ఆరుగురు, వాళ్లతో పాటు ముగ్గురు యాత్రికులు పేలుడులో చనిపోయారు. దారి మూసుకుపోయి లోపల వాయువు పేరుకుంటుంటే పైకి శాంతంగానే ఉంటుందని అక్కడ తెలిసింది.

అయితే ప్రతి నిదానపు గీతకూ బుడగలే కారణమనలేం. భూభౌతిక శాస్త్రవేత్త క్రిస్టఫర్ బీన్, ఆయన సహచరులు 2014లో ఇంకో దారి చూపారు. అగ్నిపర్వతం పై భాగం బూడిద, వదులు రాళ్లతో మెత్తగా ఉంటుంది. అక్కడ రాయి ఫట్టున పగలకుండా మెల్లగా జారినా ఇలాంటి గీతే రాగలదు. శిఖరానికి దగ్గరగా ఎన్నో పరికరాలు పెడితే తప్ప ఈ రెంటినీ విడదీయడం కష్టం.

ఇక ఆగకుండా సాగే అదురు, ట్రెమర్. నిమిషాలు, గంటలు, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. బోరులో నీళ్లు తగ్గి మోటారు నీళ్లతో పాటు గాలినీ లాగుతుంటే పైపు మొత్తం దడదడలాడటం మన రైతులకు తెలిసిందే. ద్రవమూ వాయువూ కలిసి ఇరుకు దారిలో పైకి ఎగబాకేటప్పుడు కొండకూ అలాంటి అదురే పడుతుంది. కానీ ట్రెమర్‌కు ఇదొక్కటే మూలం కాదు. 2004లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ కొండ నుంచి దాదాపు గట్టిపడిన లావా స్తంభం గోడలకు పట్టి ఆగుతూ, మళ్లీ జారుతూ పైకి జరుగుతుంటే, అర నిమిషం నుంచి ఐదు నిమిషాలకోసారి ఒకే తీరు కుదుపులు వచ్చేవి. 2009లో అలాస్కాలోని రిడౌట్‌లో అదే పట్టు-జారుడు ఆట సెకనుకు దాదాపు 30 సార్ల దాకా పెరిగింది. విడి విడి కుదుపులు కలిసిపోయి ఒకే స్వరంగా మారాయి, ఆ స్వరం పైపై స్థాయికి పోయింది. తర్వాత అర నిమిషమో నిమిషమో మౌనం, ఆ వెంటనే పేలుడు.

కొన్ని సంకేతాలకు కూలడమే కారణం. 2018లో హవాయిలోని కిలాయుయా నుంచి మాగ్మా పక్కకు తరలిపోయాక శిఖరంలోని గుంత అడుగు మే నుంచి ఆగస్టు దాకా 62 సార్లు కుంగింది. వాటిలో చాలావరకు తీవ్రత 5 దాటిన భూకంపాలతో సమానం.

నేల మీద కదిలేది కూడా నేలను కదిలిస్తుంది. వేడి బూడిద ప్రవాహాలు, రాళ్ల జారుళ్లు మెల్లగా లావెక్కి మెల్లగా సన్నబడే గీతను వదులుతాయి. చాలా ప్రాణాంతకమైనవి లహార్లు, అంటే కరిగిన మంచో వాన నీరో బూడిదతో కలిసి వాగుల వెంట దూసుకొచ్చే బురద. 1985 నవంబరు 13 రాత్రి 9 దాటాక కొలంబియాలో నెవాడో దెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలింది. బురద అర్మేరో పట్టణానికి చేరేసరికి 11:30 ప్రాంతం. మధ్యలో రెండు గంటలకు పైగా సమయముంది, అయినా 23,000 మందికి పైగా చనిపోయారు. కొండ పేలిందని పరికరం చెప్పినంత మాత్రాన వాగులో బురద బయలుదేరిందని తెలియదు. అందుకే తర్వాత ఫిలిప్పీన్స్‌లోని పినటూబో, అమెరికాలోని రైనియర్ కొండల వాగుల ఒడ్డున వేరే పరికరాలు పాతారు. అవి సెకనుకు పది నుంచి 250 సార్ల వేగపు కంపనాలను పట్టుకుంటాయి. లోపలి మాగ్మా సంకేతాలు చాలావరకు అంతకంటే నిదానమైనవి, బండరాళ్లను దొర్లించుకొచ్చే బురద మాత్రం ఆ వేగంలోనే గట్టిగా వినిపిస్తుంది. ఎగువ పరికరం ముందు, దిగువ పరికరం తర్వాత మోగితే వాగు కిందికి ఏదో వస్తోందని అర్థం. ఆ తేడాను బట్టే దాని వేగం లెక్కగట్టి కింది ఊళ్లకు హెచ్చరిక పంపవచ్చు.