ఎవరి నిమిషానికి ఎంత విలువ? పిలిస్తే వచ్చే బండి లెక్కల వెనుక కథ

ఫోన్ చేస్తే వచ్చి, దారిలో మరికొందరిని ఎక్కించుకుని వెళ్ళే బండిని అమెరికాలో 1970ల మొదట్లో ‘డయల్-ఎ-రైడ్’ అన్నారు. న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్‌లో 1972లో మొదలైన సర్వీసులో ఏ కాల్ ఏ బండికి ఇవ్వాలో ముందు డిస్పాచర్లే (కాల్స్ అందుకుని బండ్లు పంపేవాళ్ళు) చూసుకునేవారు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. డిస్పాచర్ మనసులో వేసుకునే బేరీజుకు అంకెలు కట్టాల్సి రావడంతో అసలు పేచీ మొదలైంది.

బండిలో ముగ్గురున్నారు. కొత్త కాల్‌ను మధ్యలో ఇరికిస్తే 6 నిమిషాలు అదనం. బండికి ఖర్చు 6 నిమిషాలే, ముగ్గురికీ కలిపి ఆలస్యం మాత్రం 18. వేరే బండి పంపితే 14 బండి-నిమిషాలు. ప్రయాణికుడి నిమిషాన్ని బండి నిమిషంలో 0.4 వంతుగా లెక్కిస్తే ఇరికించడం 6+7.2, అంటే 13.2, అదే చౌక. 0.5 వంతుగా లెక్కిస్తే 15; రెండో బండి బయల్దేరుతుంది. (కొత్త మనిషి ఎదురుచూపు రెండింటిలోనూ ఒకటే అనుకుందాం.) 0.4 వేయాలో 0.5 వేయాలో చాలాసార్లు తేల్చేది సర్వీసుకు డబ్బు పెట్టేవాళ్ళే.

పరిశోధకుడు సరాఫ్టిస్ 1980లో బండి ఖర్చు, ప్రయాణికుల ఆలస్యం, ఈ రెండింటినీ ఒకే సూత్రంలో కలిపారు. కానీ మొత్తం తగ్గితే చాలనుకుంటే ఊరి చివర ఇల్లున్నవాడు బలి: దగ్గరివాళ్ళు ఫోన్ చేసిన ప్రతిసారీ అతని వంతు వెనక్కి పోతుంది. అందుకే కాల్ వచ్చిన వరుస నుంచి ఎవరినీ ఇన్ని స్థానాలకు మించి జరపకూడదన్న షరతు పెట్టారు.

జా, ఒడోని, సరాఫ్టిస్, విల్సన్‌ల 1986 పద్ధతి ముందస్తు బుకింగులకు టైమ్ విండోలు (ఎక్కించుకోవడం, దింపడం ఏ సమయాల మధ్య జరగాలన్న హద్దులు) తెచ్చింది. దాదాపు 2,600 మంది, 20 బండ్లున్న డేటాపై పరీక్షించారు. సమయం తప్పితే వేసే జరిమానాలో నిమిషాల వర్గాన్ని (అంకెను అదే అంకెతో గుణిస్తే వచ్చేది) కలిపారు. ఆ వర్గం లెక్కన ఇద్దరికి చెరో 10 నిమిషాలైతే 200, ఒక్కడికే 20 అయితే 400. మామూలు కూడికలో రెండూ ఒకటే.

వికలాంగుల హక్కుల కోసం అమెరికాలో 1990లో వచ్చిన చట్టం కింది నిబంధనలు, అడిగిన సమయానికి గంటకు మించి అటూఇటూ పికప్ జరపొద్దన్నాయి. హద్దు గీస్తే సాఫ్ట్‌వేర్ దాని అంచుదాకా వాడేస్తుంది: ప్రయాణ సమయానికి 60 నిమిషాల పరిమితి పెడితే, నేరుగా 15 నిమిషాలు పట్టే ప్రయాణం 59 కావచ్చు. పరిమితిని నేరుగా వెళ్ళే సమయానికి ఇన్ని రెట్లని కట్టడమే మేలు.

న్యూయార్క్ టాక్సీ డేటాపై 2017లో వచ్చిన అధ్యయనంలో నలుగురు పట్టే 3,000 బండ్లు 98 శాతం డిమాండ్ తీర్చగలవని, సగటు ఎదురుచూపు 2.8 నిమిషాలని తేలింది. హెల్సింకిలో 2012లో మొదలైన ఇలాంటి పిలిస్తే వచ్చే సర్వీసు కుట్సుప్లస్‌కు మాత్రం ఉన్నవి 15 మినీబస్సులే. 2015 చివర మూతపడింది. కాల్స్ పలచగా ఉన్నచోట ఒకరి దారిలో ఇంకొకరు పడరు, 0.4 వేసినా 0.5 వేసినా.