పెల్లెట్ పొయ్యి పొగగొట్టం: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హోటలుకో మెస్సుకో పెల్లెట్ పొయ్యి (రంపపు పొట్టు లాంటిది నొక్కి చేసిన చిన్న బిళ్లలతో మండేది) కొనేవాళ్లు ముందు ధర అడుగుతారు, తర్వాత కిలో పెల్లెట్లు ఎంతసేపు మండుతాయని అడుగుతారు. పొగ ఎటు పోతుందనేది బిగించే రోజు గుర్తొస్తుంది. నిజానికి పొయ్యి ఎక్కడ పెట్టాలో తేల్చేదే పొగ దారి. ఇక్కడ చెప్పేది తలుపు మూసి, బ్లోయరుతో మండే పొయ్యి గురించి. గిన్నె చుట్టూ మంట బయటికొచ్చే రకానికి గొట్టం ఉండదు, పైన పొగను పట్టే హుడ్డు కావాలి.

అపోహ: పొగ కనపడటం లేదు, ఇక గొట్టమెందుకు?
వాస్తవం: పెల్లెట్లు మండితే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, మత్తు మొదలైతే అందరూ వెంటనే బయటికి రావాలి. పొయ్యి ఉన్న గదిలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం తప్పకుండా పెట్టండి.

అపోహ: కట్టెల పొయ్యికి వేసిన రేకు గొట్టమే దీనికీ సరిపోతుంది.
వాస్తవం: ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. కట్టెల పొయ్యిలో వేడి గాలి పైకి లేచి పొగను లాక్కుపోతుంది, కాబట్టి జాయింటు వదులుగా ఉంటే బయటి గాలే లోపలికి పోతుంది. పెల్లెట్ పొయ్యిలో ఫ్యాను పొగను నెడుతుంది. సన్నని సందున్నా పొగ గదిలోకే వస్తుంది. అందుకే పెల్లెట్లకని చేసిన రెండు గోడల గొట్టం (గొట్టంలో గొట్టం ఉండేది) వాడి, ప్రతి జాయింటుకీ వేడికి తట్టుకునే సిలికాన్ పూసి, 3 స్క్రూలు వేయాలి. గొట్టం మలుపు తిరిగే చోట ఎల్బో (వంపు ముక్క) కాకుండా, కింద మూత ఉన్న టీ (T ఆకారపు ముక్క) పెడితే బూడిద అక్కడ పడుతుంది, తీయడం తేలిక.

గొట్టం ఎన్ని అంగుళాల వెడల్పుండాలో తేల్చే లెక్క చూడండి, ఒక్కో భాగాన్ని ఇన్ని అడుగులని లెక్కేసి కలపాలి. ఎల్బో గానీ టీ గానీ ఒక్కోటి 5 అడుగులు, అడ్డం గొట్టం అడుగుకి అడుగు, నిలువు గొట్టం అడుగుకి అర అడుగు. మొత్తం 15 దాటితే 3 అంగుళాలది చాలదు, 4 అంగుళాలది వేయాలి. ఒక టీ, 3 అడుగుల అడ్డం, 10 అడుగుల నిలువు కలిపితే 13. ఇంకో ఎల్బో చేర్చారా, 18 అయింది. మీ పొయ్యి మాన్యువల్లో వేరే లెక్క ఉంటే అదే పాటించాలి.

అపోహ: పీవీసీ పైపు చవక, తుప్పు పట్టదు.
వాస్తవం: 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పొగ వేడి 100 దాటి ఉంటుంది. కొత్తపట్నం, మైపాడు లాంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలి జీఐ (జింకు పూత ఇనుము) రేకును త్వరగా తినేస్తుంది, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మేలు.

అపోహ: గోడకు బెజ్జం కొట్టి బయటికి వదిలితే చాలు.
వాస్తవం: కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, మండే గిన్నెలో పెల్లెట్లు రగులుతూనే ఉంటాయి. నిలువు గొట్టం కనీసం 5 అడుగులుంటే ఆ పొగ దానంతటదే పైకి పోతుంది, లేకపోతే వెనక్కి తిరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలంలో కరెంటు పోవడం మనకు మామూలే. తూర్పు గోడకు వదిలితే మధ్యాహ్నం సముద్రపు గాలి పొగను ఎదురు నెడుతుంది. కాబట్టి కొన కప్పు పైకి రావాలి, వానకు టోపీ ఉండాలి. కిటికీ, తలుపులకు పక్కనైనా కిందనైనా 4 అడుగుల దూరం వదలండి. గొట్టానికీ కాలే వస్తువుకీ 3 అంగుళాల ఎడం. తాటాకు కప్పు గుండా మాత్రం పోనివ్వొద్దు.

అపోహ: ఎగ్జాస్ట్ ఫ్యాను పెద్దదైతే పొగ భయం లేదు.
వాస్తవం: కిలో పెల్లెట్లు మండటానికి సుమారు 10 ఘనమీటర్ల గాలి పోతుంది. తలుపులు మూసి పెద్ద ఫ్యాను వేస్తే గదిలో గాలి తగ్గి, పొయ్యి పొగను వెనక్కి లాగుతుంది. పొయ్యికి బయటి నుంచే గాలి గొట్టం వేయండి.

ప్రతి టన్ను పెల్లెట్లు కాల్చాక గొట్టం బ్రష్షుతో తుడవాలి. కొనకు సన్న జాలీ బిగిస్తే బూడిదకి పూడుకుపోతుంది. పెల్లెట్ల నిల్వ గదికి కూడా గాలాడే దారి కావాలి, కుప్పగా ఉన్న పెల్లెట్ల నుంచీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది.

బిగించాక పొయ్యి వెలిగించి, వెలిగించిన అగరొత్తిని ప్రతి జాయింటు చుట్టూ తిప్పండి. దాని పొగ ఒక్కచోట పక్కకు చెదిరినా పొయ్యి ఆర్పి, చల్లారాక ఆ జాయింటు విప్పి మళ్లీ సిలికాన్ పూసి బిగించాలి.