నైట్రస్ ఇంజిన్‌లో లోపల ఏ పార్టులు వెయ్యాలి: అపోహలు - వాస్తవాలు

మొన్న ఇక్కడ టెక్సాస్‌లో మా బెంచ్ మీదకి నైట్రస్ (పవర్ పెంచడానికి ఇంజిన్‌లోకి కొట్టే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్) వాడిన ఇంకో చెవ్రొలే 350 ఇంజిన్ వచ్చింది, లోపల ఫోర్జ్‌డ్ (అంటే పోత పోసింది కాదు, లోహాన్ని ఒత్తిడితో నొక్కి చేసిన గట్టి రకం) క్రాంక్, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే హెచ్-బీమ్ రాడ్లు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, ఖర్చుకి వెనకాడలేదు పాపం, అయినా రెండు పిస్టన్లలో పై రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గట్టు విరిగి ఊడొచ్చింది. పై రింగు తీసి కొసలు రెండూ లైటు కింద పెట్టి చూస్తే అద్దంలా మెరుస్తున్నాయి. అంటే వేడికి రింగు సాగింది, కొస కొస గుద్దుకుంది, ఇంక సాగే చోటు లేక సిలిండర్ గోడని పట్టేసింది, పిస్టన్ మాత్రం ఆగదు కదా, గట్టు విరిగింది.

అపోహ: ఫోర్జ్‌డ్ వేశాం, ఇంక భయం లేదు.
వాస్తవం: ముందు రింగ్ గ్యాప్, అంటే రింగు రెండు కొసల మధ్య వదిలే సందు, చూడండి. మామూలు ఇంజిన్‌కి బోరులో అంగుళానికి నాలుగున్నర థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) లెక్కన పెడతారు, 350కి బోరు 4 అంగుళాలు కాబట్టి 18 థౌ. నైట్రస్‌కి అంగుళానికి 6 నుంచి 7, అంటే 24 నుంచి 28 థౌ, పిస్టన్ డబ్బాలో వచ్చే కాగితం ఇంకోటి చెప్తే దాన్నే నమ్మండి. గ్యాప్ కాస్త ఎక్కువైతే కొంచెం బ్లో-బై (రింగుల పక్కనుంచి గ్యాస్ కిందకి జారడం) వస్తుంది అంతే, తక్కువైతే పిస్టనే పోతుంది. రింగుని అది వెళ్ళబోయే సిలిండర్‌లోనే పెట్టి, పిస్టన్‌తో తిన్నగా కిందకి తోసి, ఫీలర్ గేజ్ పెట్టి, కొంచెం కొంచెంగా ఆకురాయి పట్టండి, ఎక్కువ అరిగితే మళ్ళీ అతకలేం.

అపోహ: ఫోర్జ్‌డ్ పిస్టన్లన్నీ ఒకటే.
వాస్తవం: కాదండీ. వీటిని 4032, 2618 అనే రెండు రకాల అల్యూమినియం మిశ్రమాలతో చేస్తారు. 4032లో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది, వేడికి తక్కువ సాగుతుంది, రోజూ తిరిగే కారుకీ చిన్న షాట్‌కీ (షాట్ అంటే నైట్రస్ అదనంగా ఇచ్చే పవర్) బాగుంటుంది. 2618లో సిలికాన్ దాదాపు లేనట్టే, ఎక్కువ సాగుతుంది కాబట్టి పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య క్లియరెన్స్ ఎక్కువ ఇవ్వాలి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా టకటకమంటుంది, దానికి కంగారు పడొద్దు. కానీ డిటోనేషన్ (పెట్రోలు అదుపు తప్పి ఒక్కసారిగా పేలినట్టు మండడం) తగిలినప్పుడు త్వరగా పగలదు. 150 హార్స్‌పవర్ షాట్ దాటితే నేనైతే 2618యే వేస్తాను, అదీ నెత్తి మందంగా ఉండి పై రింగు కాస్త కిందకి ఉన్నది.

అపోహ: నైట్రస్ మండే గ్యాస్.
వాస్తవం: అది మండదు. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది, బరువులో 36 శాతం ఆక్సిజనే, గాలిలో అయితే 23. దానికి తగ్గ పెట్రోలు అందకపోతే ఎంత ఖరీదైన పిస్టనైనా కరుగుతుంది, కాబట్టి ఫ్యూయల్ పంపు సరిపోతుందో లేదో చూశాకే పార్టులు కొనండి.

అపోహ: రాడ్లు విరిగేది నైట్రస్ వల్లే.
వాస్తవం: రాడ్‌ని, రాడ్ బోల్టుని లాగి తెంపేది ఎక్కువగా ఆర్‌పీఎమ్. నైట్రస్ రాడ్‌ని కిందకి నొక్కుతుంది, అందులోనూ 3000 ఆర్‌పీఎమ్ లోపే బటన్ నొక్కితే ఆ దెబ్బకి రాడ్ వంగిపోతుంది. విండో స్విచ్ (మీరు పెట్టిన ఆర్‌పీఎమ్ హద్దుల మధ్యే నైట్రస్ వదిలేది) పెట్టుకోండి, మంచి బోల్టులు వెయ్యండి.

స్పార్క్ ప్లగ్‌లు ఒకట్రెండు మెట్లు చల్లవి (వేడిని త్వరగా వదిలేవి), షాట్‌లో ప్రతి 50 హార్స్‌పవర్‌కి స్పార్క్ టైమింగ్ 2 డిగ్రీలు వెనక్కి, ఇవి అందరికీ తెలిసినవే, అయినా మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

ఆ 350కి బోరు హోన్ చేశాం (రాయితో లోపలి గోడ సాపు చేశాం), పగుళ్ళు లేవు. కొత్త పిస్టన్లొచ్చాయి, ఈ సాయంత్రం కూర్చుని ఎనిమిది పై రింగులూ 26 థౌకి పెడుతున్నాను.