కాపోక్ చెట్టు, హమ్మింగ్‌బర్డ్: అపోహలు - వాస్తవాలు

పువ్వుల దగ్గరికి ఏ ప్రాణి ఎందుకొస్తుందో చూడటమే నా పని. అందుకే మధ్య అమెరికాలోని కోస్టారికా అడవి ఫొటోలు పంపి డౌట్లు అడుగుతుంటారు, వాటిలో ఎక్కువ ఈ రెండింటి మీదే. ఒకటి 60 మీటర్లు కూడా దాటగల కాపోక్ చెట్టు, అంటే మన తెల్లబూరుగే, దీని దూది దిండ్లలో కూరతారు. రెండోది 5 గ్రాములుండే చిన్న పిట్ట, రూఫస్ టెయిల్డ్ హమ్మింగ్‌బర్డ్.

అపోహ: మా ఊళ్ళో మందార మీద హమ్మింగ్‌బర్డ్ చూశాం.
వాస్తవం: అది తేనెపిట్ట అండీ. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు.

అపోహ: చెట్టు నిదానం, పిట్టకి క్షణం తీరిక ఉండదు.
వాస్తవం: నాకు బాగా ఇష్టమైన పాయింట్ ఇది. కాపోక్ చిన్నప్పుడు ఎండ బాగా తగిలితే ఏడాదికి మనిషి ఎత్తు దాటి పెరిగేస్తుంది, అందుకే చెక్క అంత తేలిక, దాన్ని తొలిచి పడవలు చేసుకునేవాళ్ళు. పిట్టేమో పగలు చాలాసేపు కొమ్మ మీద కూర్చునే ఉంటుంది, చలి రాత్రి తిండి చాలకపోతే ఒళ్ళు చల్లబరుచుకుని గుండె వేగం బాగా తగ్గించేసి మొద్దులా పడుంటుంది, తెల్లారేసరికి మళ్ళీ ఒళ్ళు వేడెక్కించుకుని లేస్తుంది.

అపోహ: తేనె తాగే బతుకుతుంది.
వాస్తవం: చిన్న పురుగులు, సాలీళ్ళు తినకపోతే ప్రోటీన్ ఎక్కడిది? నాలుక కూడా స్ట్రా కాదు, చివర రెండుగా చీలి అంచుల్లో కుచ్చులుంటాయి, అవి తేనెలో విచ్చుకుని బయటికొచ్చేటప్పుడు ముడుచుకుని దాన్ని పట్టేస్తాయని 2011లో బయటపడింది.

అపోహ: ఈ పిట్టే కాపోక్‌కి పరాగసంపర్కం చేస్తుంది.
వాస్తవం: ఆ పని ముఖ్యంగా గబ్బిలాలది. పువ్వు విచ్చేది చీకటి పడ్డాక, ఆకులు రాలిపోయి ఉంటాయి కాబట్టి గబ్బిలానికి దారి అడ్డుండదు, అది మొహం నిండా పుప్పొడి పూసుకుని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పోతుంది. పొద్దున పిట్ట వచ్చినా తాగేది మిగిలిన తేనే. మన దగ్గర తెల్లబూరుగుకీ గబ్బిలాలే వస్తాయి, అపశకునం అని వాటిని తోలేయడం, అవి ఉండే చెట్లు కొట్టేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఈసారి తెల్లబూరుగు పూసినప్పుడు చీకటి పడ్డాక టార్చ్ ఆపేసి కాసేపు కింద నిలబడండి, పైన రెక్కల చప్పుడు వినిపిస్తుంది.