డైరెక్టర్ పని: నల్లగొండ బస్టాండులో వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

మాది పానగల్. నల్లగొండ బస్టాండులో తెలిసినవాళ్ళు ఎవరు కనిపించినా మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఇంకో సినిమా ఎప్పుడు?" అపోహలు రెండో ప్రశ్న నుంచి మొదలవుతాయి. చాలా ఏళ్ళు అసిస్టెంట్‌గా తిరిగి, రెండు చిన్న సినిమాలు తీసినవాణ్ణి. పెద్ద డైరెక్టర్ల సంగతి నాకు తెలియదు, నా పని సంగతే చెప్తాను.

అపోహ: డైరెక్టరంటే కుర్చీలో కూర్చుని యాక్షన్, కట్ చెప్పేవాడు.

వాస్తవం: ఆ రెండు మాటలకు రోజు మొత్తం మీద పది నిమిషాలు కూడా పట్టవు. మిగతా టైమంతా జవాబులు చెప్పడమే. పొద్దున బండి దిగకముందే కాస్ట్యూమ్స్ అతను రెండు చీరలు పట్టుకుని నిలబడతాడు. గోడకు క్యాలెండర్ ఉండాలా, ఉంటే ఏ నెలది అని ఆర్ట్ వాళ్ళు అడుగుతారు. భోజనాలు ఇప్పుడే పెట్టించాలా, సీన్ అయ్యాకనా అని మేనేజర్. "ఆలోచించి చెప్తా" అన్నామా, యూనిట్ మొత్తం ఆగిపోతుంది. జనరేటర్‌లో డీజిల్ మాత్రం ఆగదు.

తిప్పర్తి దగ్గర ఒక పాత పెంకుటింట్లో షూటింగ్. పట్నం నుంచి వచ్చిన కొడుక్కి తల్లి చాయ్ ఇచ్చే సీన్. ఆర్ట్ వాళ్ళు పూల బొమ్మలున్న కొత్త కప్పూ సాసరూ తెచ్చారు. ఆ కప్పులో ఇస్తే కొడుకు కాస్తా చుట్టమైపోతాడు. సీన్ పక్కన పెట్టి, అసిస్టెంట్‌ను బండి మీద మా ఇంటికి పంపి, మా నాయనమ్మ పేరు చెక్కి ఉన్న స్టీలు గిలాస తెప్పించాను. మేనేజర్ ముఖం ఎట్లా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. టేక్‌లో చాయ్ వేడికి గిలాస కాలింది. తల్లి వేషం వేసినామె కొంగుతో పట్టుకుని అందించింది. కొడుకు వేషం అతను కూడా తన చేతి రుమాలు తీసి అందుకున్నాడు. నేను ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. ఆ సినిమాలో నాకు ఇప్పటికీ నచ్చే షాట్ అదొక్కటే.

అపోహ: పెద్ద లైట్లు ఉంటేనే బొమ్మ బాగా వస్తుంది.

వాస్తవం: దీనికి జవాబు మా ఊళ్ళోనే ఉంది. కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళండి. ఒక గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పడుతుంది. పొద్దున చూసినా, పొద్దు వాలేముందు చూసినా అది ఉన్నచోటే ఉంటుంది. సూర్యుడు కదిలితే నీడ ఎందుకు కదలదు? లోపలికి వచ్చేది నేరుగా ఎండ కాదు. బయట పరుచుకున్న వెలుగు స్తంభాల సందుల్లోంచి పక్కలుగా లోపలికి వస్తుంది. మేం తెల్లటి థర్మాకోల్ షీటు పట్టుకుని చేసేదీ దాదాపు ఇదే. లైటును మనిషి మీదికి కాకుండా షీటు మీదికి కొట్టి, అక్కణ్ణుంచి ముఖం మీదికి మళ్ళిస్తాం. మా కెమెరామన్‌ను మొదటి సినిమాకు ముందు ఆ గుడికి తీసుకెళ్ళాను. గంటసేపు మాట్లాడకుండా కూర్చుని, బయటికొచ్చాక లైట్ల లిస్టులో సగం కొట్టేశాడు. నిర్మాత సంతోషం సంగతి చెప్పక్కర్లేదు.

అపోహ: మన యాస పెడితే మన సినిమా అయిపోతుంది.

వాస్తవం: ఏ మన యాస? నల్లగొండ మాట వేరు, పాలమూరు మాట వేరు. గద్వాల దాకా పోతే అటు కన్నడం, ఇటు కర్నూలు మాట రెండూ తగులుతాయి. క్రియల చివర 'న్నడు', 'న్నవ్' తగిలించి యాస వచ్చిందనుకుంటారు. మొదట నేనూ అదే చేశాను. వలస కూలీగా దేశమంతా తిరిగొచ్చిన ఒక పెద్దమనిషికి మహబూబ్‌నగర్‌లో ఆ డైలాగులు వినిపిస్తే నవ్వాడు. "గంత మాట ఒక్కపారి అనం సారూ, నడుమ ఆగుతం" అన్నాడు. నేను మాటలే విన్నాను, మధ్యలో ఆగడం వినలేదు. డబ్బింగ్‌లో ఆ ఖాళీలు మళ్ళీ పెట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది.

అట్లాగని ఇక్కడ పుట్టినవాడే ఇక్కడి కథ తీయాలన్న మాటా నేను ఒప్పుకోను. తెలంగాణ సాయుధ పోరాటం మీద 1980లో వచ్చిన 'మా భూమి' నిర్మాత బి. నర్సింగరావు ఇక్కడివాడే. డైరెక్టర్ గౌతం ఘోష్ మాత్రం బెంగాలీ. తెలుగు ఆయన ఇంటి భాష కాదు.

అపోహ: సెన్సార్ వాళ్ళే సినిమాను చెడగొడతారు.

వాస్తవం: నా అనుభవంలో సినిమాను చెడగొట్టింది నేనే, ఎడిటింగ్ టేబుల్ మీద. సెన్సార్ వాళ్ళ దగ్గర పోయింది రెండు మాటల సౌండు, అంతే.

అపోహ: ఒక్క సినిమా ఆడితే లైఫ్ సెటిల్.

వాస్తవం: రెమ్యునరేషన్ విడతలుగా వస్తుంది. ఆఖరి విడత రిలీజ్‌కు ముందు రావాలి. సరిగ్గా అప్పుడే అందరి చేతులూ ఖాళీ అవుతాయి. మొదటి సినిమాది నాకు ఇంకా రాలేదు. ఆ నిర్మాత నాకన్నా ఎక్కువే పోగొట్టుకున్నాడు, అడగడానికి నోరు రాదు. రెండు సినిమాల మధ్య నాలుగేళ్ళు ఇల్లు నడిపింది నా భార్య టీచర్ జీతం. పెళ్ళిళ్ళలో "బావ డైరెక్టరు" అని పరిచయం చేసేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

అపోహ: తన సినిమాను థియేటర్లో చూస్తుంటే డైరెక్టర్‌కు ఆనందమే ఆనందం.

వాస్తవం: నేను తెర చూడను, చివరి వరసలో కూర్చుని తలకాయలు చూస్తాను. ఎక్కడ ఫోన్ల వెలుగు మొదలవుతుందో అక్కడ నా సీన్ పోయినట్టే. నల్లగొండలో రెండో రోజు మ్యాట్నీకి మా అమ్మను తీసుకెళ్ళాను. చాయ్ సీన్ దగ్గర ఒక్క ఫోనూ వెలగలేదు. కాస్త ధైర్యం తెచ్చుకుని ఆమె వైపు చూశాను. అమ్మ కళ్ళు తెర మీదే ఉన్నాయి. నా చెవి దగ్గరికి వంగి, "గా గిలాస మళ్ళ ఇంటికి రానేలేదు గదరా" అంది.