సాగని తాడు తెగినా కొట్టదట!

డెక్కు మీద 19 ఏళ్లు గడిపి, ఇప్పుడు విశాఖలో కొత్తగా షిప్పు ఎక్కబోయే కుర్రాళ్లకు తాళ్ల పని నేర్పుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడు లేచి అడుగుతాడు: "సార్, డైనీమా సాగదు కదా, తెగినా ఉన్నచోటే పడిపోతుందట, నిజమేనా?" డైనీమా అంటే దాదాపు సాగని, చాలా గట్టి పాలిథిలీన్ దారంతో అల్లిన తాడు. ఎవరు చెప్పార్రా అంటే మా సీనియర్ అంటాడు. ఆ సీనియర్‌కి ఇంకో సీనియర్. ఈ మాట మొదట పుట్టించినవాడు దొరికితే వాడితో నాకు ఓ పూట పనుంది.

అపోహ: సాగని తాడు వెనక్కి కొట్టదు.

ఇందులో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. 20 మీటర్ల నైలాన్ తాడు 5 టన్నుల లాగుడుకు పదో వంతు సాగిందనుకోండి. అంటే 2 మీటర్లు. అప్పుడు దానిలో దాగిన శక్తి దాదాపు 50 కిలోజౌళ్లు. టన్ను బరువున్న కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దితే ఎంతో అంత. అదే పొడవు డైనీమా ఒక శాతమే సాగిందనుకుంటే 20 సెంటీమీటర్లు, శక్తి 5 కిలోజౌళ్లు. ఇంతవరకూ సీనియర్ చెప్పింది రైటే.

కానీ ఓడను కట్టేటప్పుడు డైనీమాను ఒంటరిగా వాడతామా? కెరటానికి ఓడ ముందుకీ వెనక్కీ కదులుతుంటే ఆ కుదుపును సాగని తాడు మింగలేదు, లోడు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే గట్టు వైపు కొసకి టెయిల్ తగిలిస్తాం, అంటే 11 మీటర్లో 22 మీటర్లో పొడవుండే సాగే తాడు ముక్క. వీళ్లంతా మర్చిపోయేది ఆ టెయిల్‌నే. ఉండేలులో సాగేది రబ్బరు. ఎగిరేది మాత్రం రాయి. ఇక్కడ రబ్బరు టెయిల్, రాయి డైనీమా.

2015 మార్చిలో బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర జార్గా అనే ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) ఓడను కడుతుండగా సరిగ్గా ఇలాంటి లైనే తెగింది. పైన తొడుగున్న డైనీమా తరహా తాడు, కొసకి సాగే టెయిల్. అక్కడ పని చూస్తున్న ఆఫీసరు తాను క్షేమమైన చోటే ఉన్నాననుకున్నాడు. తలకి తీవ్రమైన దెబ్బ తగిలింది. ఆ తాడు దాని బ్రేకింగ్ లోడ్ (తెగాల్సిన లాగుడు) కన్నా చాలా తక్కువ లాగుడుకే తెగిందని దర్యాప్తులో తేలింది. లోపలి దారాలు నలిగి దెబ్బతిన్నాయి, పై తొడుగు ఉండటంతో ఎవరికీ కనబడలేదు.

ఇంకో సంగతి. నైలాన్ బిగిసేటప్పుడు కిర్రుకిర్రుమంటుంది, సన్నబడుతుంది, చూస్తుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. డైనీమా అలా చెప్పదు.

నా రెండో షిప్పులో, గాలి లేచిన ఓ సాయంత్రం, నైలాన్ స్ప్రింగ్ లైను, అంటే ఓడ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టే తాడు, తెగింది. తాడు పోవడం నేను చూడలేదు. తుపాకీ పేలినట్టు చప్పుడు, ఆ తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన. నాకు మూడడుగుల దూరంలో రెయిలింగ్ ఇనప కడ్డీ విల్లులా వంగిపోయి ఉంది. మా సరంగు ఒక్క మాటా మాట్లాడలేదు. మమ్మల్ని వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

మరి ఎక్కడ నిలబడాలి సార్ అంటారు. తెగిన తాడు కొట్టే చోటు ఇదీ అని డెక్కు మీద గీసిన పసుపు గీత దాటితే క్షేమం అనుకోకండి. తాడు రోలర్ల చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి తెగిన కొస ఎటు పోతుందో గీతకి తెలీదు. లైను బిగుసుకుంటున్నంతసేపూ డెక్కంతా ప్రమాదమే. పనిలేనివాడు అక్కడ ఉండకూడదు, అంతే.

అపోహ: కొత్త తాడు పొడవు పెరిగిందంటే నకిలీ సరుకు.

పోయిన వేసవిలో ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక బోటు ఓనరు ఫోను చేశాడు. "తమ్ముడూ, కొట్టువాడు నన్ను నిలువునా ముంచేశాడు. 30 బారలు కొన్నాను, నాలుగు ట్రిప్పులకే 31 బారలయింది, సన్నబడింది కూడా." అప్పు చేసి కొన్న తాడు, గొంతులో వణుకు తెలుస్తోంది. వెళ్లి తాడంతా చేత్తో తడిమి చూశాను. పేటలు బాగున్నాయి, అల్లిక బిగువుగా ఉంది. కొత్త అల్లిక తాడు మొదటి కొన్ని లాగుళ్లకి సర్దుకుంటుంది. పేటలు దగ్గరవుతాయి, తాడు కాస్త సన్నబడి పొడవవుతుంది. ఆ పెరిగింది మళ్లీ తగ్గదు. ఆ తర్వాత లాగితే సాగి, వదిలితే వెనక్కి వచ్చేది మాత్రమే అసలు సాగుడు. అలా కాక రోజురోజుకీ పెరుగుతూనే ఉంటే అప్పుడు భయపడాలి. అన్నకి మాత్రం బారెడు లాభం వచ్చిందన్నాను. నవ్వలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లేబుల్ మీద బ్రేకింగ్ లోడ్ 5 టన్నులని ఉంటే 5 టన్నులు ఎత్తొచ్చని కాదు. అది ముడి లేని కొత్త తాడుని మిషన్‌లో తిన్నగా లాగితే తెగిన లెక్క. అందులో అయిదో వంతుకి మించి పని చేయించకండి. ముడి వేస్తే మూడో వంతు బలం పోయినట్టే, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పేటల్ని తాడులోకే తిప్పి అల్లే స్ప్లైస్ నయం. డైనీమాకి మామూలు ముడి వేస్తే జారిపోతుంది కూడా. నైలాన్ తడిస్తే పది, పదిహేను శాతం బలం తగ్గుతుంది, పాలిస్టర్‌కి ఆ బెడద లేదు. బజారులో నైలాన్ అని అమ్మే నీలం, ఆకుపచ్చ తాళ్లలో చాలావరకు నైలాన్ కాదు, పాలీప్రొపిలీన్. చిన్న ముక్క కోసి, గాలి పోయేలా నీళ్లలో పిండి వదలండి. తేలితే నైలాన్ కాదు. ఎండలో పడేస్తే ముందు చచ్చేది ఆ పాలీప్రొపిలీనే.

ఊళ్లో బురదలో దిగబడ్డ ట్రాక్టరుకి తాడు కట్టి లాగేవాళ్లకీ ఇదంతా వర్తిస్తుంది. తాడు నడిమికి తడిపిన గోనెసంచి కప్పండి. తెగితే ఆపదు గానీ, విసురు కాస్త చస్తుంది. పిల్లల్ని మాత్రం గట్టు మీద చూడనివ్వకండి, ఇంటికి పంపేయండి.